కాలమూ క్షేత్రమూ: బదరీయాత్రకు మాసనిర్ణయం

ఉత్తరాన మంచుకొండల మధ్య ఉన్న బదరీనాథానికో కేదారానికో ఏ మాసంలో బయల్దేరడం మంచిదన్న ప్రశ్న పైకి వానలకూ చలికీ పిల్లల సెలవులకూ సంబంధించినదిగా కనిపించినా, దాని అడుగున చాలా పాత తాత్త్వికమైన చిక్కు ఒకటి ఉంది. భగవంతుడు సర్వవ్యాపి అని నమ్మినవాడు కూడా ఫలానా చోట ఆయన సాన్నిధ్యం విశేషంగా ఉందని ఒప్పుకున్న తరువాతే యాత్రకు లేస్తాడు; ఆ ఒప్పుకోలు లేకపోతే క్షేత్రం అన్న మాటకే అర్థం ఉండదు. అయితే ఆ ఒప్పుకోలు చోటుతోనే ఆగుతుందా, లేక వేళకు కూడా వర్తిస్తుందా? చోటు విషయంలో రాయీ నీరూ కొండా కంటికి కనబడుతూ సాక్ష్యం ఇస్తాయి గనక విశ్వాసానికి ఒక ఆలంబనం దొరుకుతుంది. మాసానికి అటువంటి శరీరం లేదు. కార్తికంలో పారే అలకనందా ఆషాఢంలో పారే అలకనందా ఒకే నది అయినప్పుడు, ఒక స్నానానికి ఉన్న విశేషం మరొక స్నానానికి ఎందుకు లేదో చెప్పవలసిన బాధ్యత శాస్త్రానిది. ఆ బాధ్యతను మన దర్శనకారులు తప్పించుకోలేదు కానీ, అందరూ ఒకే జవాబు చెప్పలేదు.

కాలం గురించి తర్కశాస్త్రం చెప్పే మాట ముందుగా చూడదగ్గది, ఎందుకంటే ఆ మాటను లోకానికంతటికీ సులువుగా అందించిన తర్కసంగ్రహకర్త అన్నంభట్టు తెలుగువాడనే పండితుల్లో ప్రసిద్ధి. 17వ శతాబ్దికి చెందిన ఈయన పేరు మీద, కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడని ఒక లోకోక్తి కూడా పుట్టింది. యాత్ర వేరు, యాత్ర వల్ల కలగవలసిన పరిణామం వేరు అన్న ఎత్తిపొడుపు అందులో ఉంది. న్యాయవైశేషికుల మతంలో కాలం అనేది తొమ్మిది ద్రవ్యాల్లో ఒకటి. అది ఒక్కటే, నిత్యం, విభువు, అంటే అంతటా వ్యాపించినది. గడిచినది, జరుగుతున్నది, రాబోయేది అనే వ్యవహారానికి అది కారణమే కానీ దానిలో నిజంగా ముక్కలు లేవు. మరి మాసాలూ ఋతువులూ ఎక్కడివి? అవి ఉపాధుల వల్ల వచ్చినవి. ఉపాధి అంటే తాను పక్కన ఉండి మరొక దానికి లేని విభాగాన్ని ఉన్నట్టు చూపించేది. ఒకే ఆకాశం కుండ వల్ల కుండలోని ఆకాశం అనిపించుకున్నట్టే, ఒకే కాలం సూర్యుడి నడక వల్ల వైశాఖం అనీ మాఘం అనీ అనిపించుకుంటుంది. ఈ లెక్కన పవిత్రత కాలంలో ఉండడానికి వీల్లేదు, ఎందుకంటే అది కాలంలో ఉంటే అన్ని నెలలకూ సమానంగా ఉండాలి. ఉంటే గింటే ఆ ఉపాధిలో, అంటే సూర్యచంద్రుల గతిలోనూ, దాన్ని అనుసరించి నేల మీద కరిగే మంచులోనూ, పొంగే నీటిలోనూ ఉండాలి.

మీమాంసకులు ఇదే ప్రశ్నను వేరే దారిలో తీసుకున్నారు. వారికి కాలం స్వరూపం ఏమిటన్నది ముఖ్యం కాదు, వేదవిధిలో కాలానికి ఏ స్థానం ఉన్నదన్నదే ముఖ్యం. అగ్నిని ప్రతిష్ఠించుకునే కర్మకు బ్రాహ్మణుడికి వసంతాన్నీ, క్షత్రియుడికి గ్రీష్మాన్నీ, వైశ్యుడికి శరత్తునూ వేదం చెబుతుంది గనక ఋతువు అక్కడ కర్మకు అంగం, అంటే ఫలం రావడానికి తోడ్పడే భాగం. అయితే మిగిలిన అంగాలకూ దీనికీ ఒక తేడా ఉంది. ధాన్యం దంచాలంటే కర్త దంచుకోగలడు, నెయ్యి లేకపోతే ఎక్కడి నుంచైనా తెచ్చుకోగలడు, వసంతాన్ని మాత్రం తెచ్చుకోలేడు. మనిషి ప్రయత్నంతో సంపాదించరాని ఇటువంటి వాటిని మీమాంసకులు అనుపాదేయాలు అన్నారు. దేశమూ కాలమూ ఆ కోవలో చేరతాయి. ఈ చిన్న పారిభాషిక పదం యాత్రికుడి ప్రశ్ననే మార్చివేస్తుంది. ఏ మాసాన్ని ఎంచుకోవాలి అన్నప్పుడు మాసం అంగట్లో పేర్చిన సరుకు లాగా ధ్వనిస్తుంది, కానీ అనుపాదేయమైన దాన్ని ఎంచుకోవడం ఉండదు, దాని కోసం కాచుకుని ఉండి అది వచ్చినప్పుడు ఎదురు వెళ్ళడమే ఉంటుంది.

దర్శనాల నుంచి నిర్ణయగ్రంథాలకు, అంటే ఏ కర్మ ఎప్పుడు చేయవచ్చో తేల్చిచెప్పే ధర్మశాస్త్ర సంకలనాలకు వస్తే, అక్కడ నిషేధాలు ఎక్కువగా కనిపిస్తాయి. కమలాకరభట్టు కాశీలో ఉండి 1612లో పూర్తిచేసిన నిర్ణయసింధువు వంటి గ్రంథాల ప్రకారం, అంతకు మునుపు ఎన్నడూ చూడని తీర్థానికి మొదటిసారి వెళ్ళడం అధికమాసంలోనూ, గురుడో శుక్రుడో సూర్యుడి వెలుగులో కనుమరుగయ్యే మూఢంలోనూ పనికిరాదు. ఒకసారి చూసివచ్చిన క్షేత్రానికి ఆ అడ్డు అంతగా లేదు. గయ సంగతి పూర్తిగా వేరు: అధికమాసమైనా, పుట్టినరోజైనా, మూఢమైనా, గురుడు సింహరాశిలో ఉన్నా గయలో పితరులకు పిండం మానకూడదని గయామాహాత్మ్యం కాలనియమాలన్నిటినీ పక్కకు నెట్టింది. ఈ మినహాయింపు వెనుక ఉన్న తర్కం గట్టిది. తన కోరిక కోసం చేసే కామ్యకర్మకు మంచిరోజు చూసుకునే తీరిక ఉంటుంది, ఋణం తీర్చడానికి వెళ్ళేవాడికి ఆ తీరిక ఉండదు. కాబట్టి ఏ మాసం మంచిది అన్న ప్రశ్నకు శాస్త్రం ముందుగా వేసే ఎదురుప్రశ్న, ఎందుకు వెళుతున్నావు అన్నదే. ఉత్తర దిక్కుకు మంగళ బుధవారాలు శూల అని పంచాంగం చూసి ప్రయాణం ఒకరోజు వెనక్కు జరుపుకునే కుటుంబాల్లో కూడా ఈ ఎదురుప్రశ్న వినిపించడం అరుదు.

ఇంతవరకు చెప్పినది అన్ని తీర్థాలకూ వర్తిస్తుంది. బదరిలో మాత్రం విషయం మరొక మలుపు తిరుగుతుంది, ఎందుకంటే అక్కడ కాలం యాత్రికుడికే కాక దేవుడికి కూడా ఉంది. నరనారాయణ పర్వతాల నడుమ, సుమారు 3,100 మీటర్ల ఎత్తున, అలకనంద ఒడ్డున ఉన్న ఆ ఆలయం వైశాఖంలో తెరుచుకుని కార్తిక మార్గశిరాల వేళకు మూతపడుతుంది. ఆరు నెలలు మనుషుల పూజ, ఆరు నెలలు దేవతల పూజ అనీ, మంచు కప్పిన నెలల్లో నారదుడే అర్చకుడనీ సంప్రదాయం. తలుపులు తెరిచే రోజును మాఘ శుద్ధ పంచమి నాడు, అంటే మనం శ్రీపంచమి అనే వసంతపంచమి నాడు, నరేంద్రనగర్‌లోని టెహ్రీ రాజభవనంలో పంచాంగమూ రాజు జాతకమూ చూసి నిర్ణయిస్తారు. టెహ్రీ రాజును బోలందా బదరీ, అంటే మాట్లాడే బదరీనాథుడు, అని పిలిచే ఆచారం ఉండేది. స్వామి అభ్యంగనానికి కావలసిన నువ్వులనూనెను అదే రాజభవనంలో పసుపు బట్టలు కట్టుకున్న ముత్తయిదువలు తీస్తారు. గాడూ ఘడా అనే కలశంలో ఆ నూనె కొండదారిన ఊరూరా ఆగుతూ బదరికి చేరుతుంది. కేదారానికి ముహూర్తం మహాశివరాత్రి నాడు ఊఖీమఠ్‌లోని ఓంకారేశ్వరాలయంలో ప్రకటిస్తారు, తలుపులు మూసేది మాత్రం ఎప్పుడూ యమద్వితీయ నాడే. తెలుగువారు అక్కచెల్లెళ్ళ చేతి అన్నం తినే భగినీహస్తభోజనం రోజు అది.

బదరి మూసివేతను దగ్గరగా చూస్తే మాసం అన్నది అక్కడ ఎంత లోతుగా దేవుడి సంసారంలో కలిసిపోయిందో తెలుస్తుంది. ఆ తేదీని విజయదశమి నాడు ప్రకటిస్తారు. మూసే ముందు ఐదు రోజులు పంచపూజలు జరుగుతాయి: మొదట వినాయకుడి గుడి, తరువాత ఆదికేదారేశ్వరుడి గుడి మూస్తారు, మూడో రోజు ఖడ్గానికీ పుస్తకానికీ పూజ చేసి వేదపఠనం ఆపేస్తారు, నాలుగో రోజు లక్ష్మీదేవికి ప్రత్యేక నివేదన. వేసవి ఆరు నెలలూ ప్రాంగణంలో తన గుడిలో వేరుగా ఉండే లక్ష్మిని చివరి రోజు స్వామి పక్కన కూర్చోబెట్టాలి, కానీ గర్భగృహంలో కృష్ణుడి చెలికాడైన ఉద్ధవుడు ఉంటాడు. ఆయన వరసకు బావగారు కాబట్టి ఆయన ఎదుట ఆమె భర్త పక్కన కూర్చోదు. అందుకని ముందు ఉద్ధవుణ్ణి బయటికి తెస్తారు, ఆ తరువాత కేరళ నంబూద్రి కుటుంబాల నుంచి వచ్చే ప్రధానార్చకుడు రావల్ ఆడవేషం కట్టి లక్ష్మికి చెలికత్తెగా ఆమెను లోపలికి తీసుకువెళతాడు. మాణా గ్రామ స్త్రీలు నేసిన ఊలు కంబళిని నేతిలో తడిపి స్వామికి కప్పుతారు. తిరిగి వైశాఖంలో తలుపులు తెరిచినప్పుడు ఆ కంబళిని విప్పి నేయి ఇంకా తడిగా ఉన్నదా, ఎండిపోయిందా అని చూస్తారు. తడిగా ఉంటే ఆ ఏడు దేశానికి శుభమని నమ్మకం. ఇన్ని ఏర్పాట్లలోనూ చలిని జయించే ప్రయత్నం ఎక్కడా లేదు, చలికి తగిన బట్ట వేసి వెళ్ళిపోవడమే ఉంది.

ఇక్కడ మరొక చమత్కారం ఉంది. విష్ణువు ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు, అంటే తొలి ఏకాదశి నాడు, యోగనిద్రలోకి వెళ్ళి కార్తిక శుద్ధ ఏకాదశి నాడు లేస్తాడని వైష్ణవ సంప్రదాయమంతటా చెబుతారు. ఆ లెక్కన బదరిలో మనుషులు పూజించే ఆరునెలల్లో సగానికి పైగా ఆయన నిద్రలోనే ఉంటాడు, ఆయన లేచిన రోజుల్లోనే ఇంచుమించు తలుపులు మూతపడతాయి. ఆళ్వారులు పాడిన నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటైన ఈ క్షేత్రానికి ఇంత సూటిగా కనిపించే పొసగనితనం ఎవరినీ ఇబ్బందిపెట్టలేదు. బహుశా నిద్ర అన్నది కూడా ఒక ఉపాధే గనక, ఒక క్షేత్రపు కాలాన్ని మరొక క్షేత్రపు కాలంతో కొలవనవసరం లేదని సంప్రదాయం మాటల్లో చెప్పకుండానే గ్రహించి ఉంటుంది.

తెరిచి ఉండే ఆరు నెలలు అన్న మాట కూడా స్థూలమైనదే. 2023లో బదరి తలుపులు ఏప్రిల్ 27న తెరిచి నవంబర్ 18న మూశారు, అంటే సుమారు 205 రోజులు. మరుసటి ఏడు మే 12 నుంచి నవంబర్ 17 వరకు, అంటే సుమారు 189 రోజులే. తేడాకు కారణం 2023లో వచ్చిన అధిక శ్రావణం. పన్నెండు చాంద్రమాసాలు 354 రోజులే గనక సౌరసంవత్సరానికి ఏటా సుమారు 11 రోజులు తక్కువవుతాయి, ఆ లోటు పేరుకున్నప్పుడల్లా, ఇంచుమించు ముప్ఫైరెండు ముప్ఫైమూడు నెలలకు ఒకసారి, ఒక నెల ఎక్కువ వేసి సరిచేస్తారు. ఉత్తరాదివారు మలమాసం అని దూరం పెట్టి మళ్ళీ పురుషోత్తమమాసం అని దగ్గరకు తీసుకునే ఆ నెల బదరి కాలంలో పడితే, యాత్రికులకు ఆ ఏడాది మరికొన్ని రోజులు కలిసివస్తాయి. ఇది గుర్తించనివాడు పోయినేడు వైశాఖం ఫలానా తేదీన వచ్చింది గనక ఈ ఏడూ అప్పుడే వస్తుందని టికెట్లు తీసుకుని, తలుపులు తెరవకముందే కొండ కింద దిగుతాడు.

అంతకంటే పెద్ద చిక్కు మాసం పేరులోనే ఉంది. తెలుగువారి మాసం అమావాస్యతో ముగుస్తుంది, దీన్ని అమాంతం అంటారు. ఉత్తరాదివారి మాసం పూర్ణిమతో ముగుస్తుంది, అది పూర్ణిమాంతం. శుక్లపక్షం ఇద్దరికీ ఒకే పేరుతో ఉంటుంది కానీ బహుళపక్షం దగ్గరికి వచ్చేసరికి ఉత్తరాది వారు ఒక నెల ముందుంటారు: మన భాద్రపద బహుళం వారికి ఆశ్వినం, మన ఆశ్వయుజ బహుళం వారికి కార్తికం. గఢ్వాల్ పల్లెల్లో సంక్రాంతి నుంచి సంక్రాంతికి లెక్కపెట్టే సౌరమాసం ఇంకా వాడుకలో ఉంది గనక అక్కడ మూడో లెక్క కూడా తోడవుతుంది. బదరి గుడికి ఎగువన అలకనంద ఒడ్డునే ఉన్న బ్రహ్మకపాలం దగ్గర పిండప్రదానానికి కూర్చున్న తెలుగు కర్త, ఎదురుగా ఉన్న పండా, అంటే అక్కడి తీర్థపురోహితుడు, చెప్పే సంకల్పం వింటూ తడబడేది ఇక్కడే. సంకల్పం అంటే చేయబోయే కర్మకు ముందు కర్త తానున్న కాలాన్నీ దేశాన్నీ ఉచ్చరించి తన పేరు చెప్పుకోవడం. ఇంటి దగ్గర శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాడో చెప్పుకునే అలవాటున్నవాడికి దేశం మారడం సహజంగానే తోస్తుంది, మాసం మారడం మాత్రం మింగుడుపడదు. పండా నోట సంవత్సరం పేరు కూడా వేరుగా వస్తుంది, ఎందుకంటే ఉత్తరాదిన బృహస్పతి సగటున ఒక రాశి దాటే 361 రోజులను సంవత్సరంగా లెక్కించి అవసరమైనప్పుడు ఒక పేరును వదిలేస్తారు, దక్షిణాదిన అరవై పేర్లనూ వరసగా సాగనిస్తారు. దర్భ వేలికి పెట్టుకుని, చన్నీళ్ళకు చెయ్యి కొంకర్లు పోతుండగా, ఏ మాసం చెప్పాలో తెలియక పక్కనున్న పెద్దల మొహం చూసే ఆ క్షణంలో, వైశేషికుడు కాలం ఒక్కటే అన్నదీ, మాసాలు ఉపాధులు అన్నదీ పుస్తకంలో మాటలుగా మిగలవు. తిథి మాత్రం ఇద్దరికీ ఒక్కటే. చంద్రుడికి రెండు పంచాంగాలు లేవు.

ఇదే తేడా ప్రయాగలో ఎలా పనిచేస్తుందో చూడవచ్చు. అక్కడ మాఘస్నానం పుష్య పూర్ణిమతో మొదలై మాఘ పూర్ణిమ దాకా సాగుతుంది, ఆ నెలరోజులూ ఇసుకలో పాక వేసుకుని ఒంటిపూట తిండితో గడిపే వ్రతాన్ని కల్పవాసం అంటారు. దాని నడుమ వచ్చే మౌని అమావాస్య వారి మాఘంలో శిఖరం వంటిది. మనకు అది ఇంకా పుష్యమే, గోదావరీ తీరంలో చొల్లంగి అమావాస్య అని సముద్రస్నానానికి వెళ్ళే రోజు. అంటే తన పంచాంగం చూసుకుని మాఘ శుద్ధ పాడ్యమికి ప్రయాగ చేరిన తెలుగువాడు శిఖరం దాటిన మరునాడు చేరినట్టు. అది నష్టమని అనుకోవడానికి లేదు. 2025 కుంభమేళాలో ఆ అమావాస్య నాడు, జనవరి 29 వేకువన, తొక్కిసలాటలో 30 మంది మరణించినట్టు అధికారులు ప్రకటించారు. ఒక పుణ్యఘడియ మీద కోట్లమంది ఒకేసారి ఒరిగినప్పుడు ఆ ఘడియ భరించలేదు. నీటి మీద విశ్వాసం ఉన్నవాడికి ఆ మరునాటి నీరు తక్కువది ఎలా అవుతుందో, కాలాన్ని అంగంగా ఒప్పుకున్న మీమాంసకుడు కూడా సమాధానం చెప్పవలసిందే.

ప్రమాదం సంగతి వచ్చింది గనక వానాకాలం గురించి చెప్పుకోవాలి. ఆషాఢ శ్రావణాల్లో ఋషీకేశం నుంచి బదరికి ఉన్న సుమారు 300 కి.మీ. దారిలో కొండచరియలు విరిగిపడడం ఏటా జరిగేదే. ప్రాచీనులు దీన్ని దారి కష్టంగానే కాక ధర్మంగా కూడా తీసుకున్నారు. వానాకాలంలో నేల మీద పురుగూ పుట్రా ఎక్కువగా ఉంటాయి గనక నడిస్తే హింస తప్పదని, ఆ నెలల్లో సన్యాసి ఒకచోటే ఉండాలని చాతుర్మాస్య నియమం పుట్టింది. బౌద్ధ భిక్షువుల వర్షావాసమూ ఇటువంటిదే. పరివ్రాజకుడే, అంటే తిరగడమే వ్రతంగా ఉన్నవాడే, ఆగిపోవలసిన నెలల్లో గృహస్థుడు బస్సు మాట్లాడుకుని కొండెక్కడం భక్తి అనిపించుకోదు. అయితే నెలలను నమ్ముకున్నా పూర్తి భరోసా లేదు. 2013లో కేదారాన్ని ముంచిన ప్రళయం జూన్ 16, 17 తేదీల్లో, వానాకాలం ఇంకా రాలేదని అందరూ అనుకుంటున్న రోజుల్లో వచ్చింది. ముందుగా విరుచుకుపడిన వానకు పైనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగింది, మరణించినవారూ గల్లంతైనవారూ కలిసి ఐదు వేలకు పైగా ఉన్నారు, వారిలో తెలుగు యాత్రికులూ ఉన్నారు. గుడి వెనక వచ్చి ఆగిన పెద్దబండ ప్రవాహాన్ని చీల్చి గుడిని కాపాడిందని, దాన్ని భీమశిల అని ఇప్పుడు పూజిస్తున్నారు. ఆ బండ గుడిని కాపాడిన మాట నిజమే, కానీ దాన్ని మహిమగా చెప్పేటప్పుడు గుడి చుట్టూ ఉన్నవారిని ఏ బండా కాపాడలేదన్న మాట కూడా పక్కనే చెప్పడం న్యాయం.

కష్టం ఎక్కువైతే పుణ్యం ఎక్కువ అన్న వాదం కూడా మన యాత్రికుల్లో బలంగా ఉంది. ఈ వాదానికి మూలపురుషులు ఎవరంటే పాండవులే: రాజ్యం విడిచి ఉత్తరంగా నడిచి, మంచులో ఒక్కరొక్కరే రాలిపోయిన ఆ ప్రయాణాన్ని మహాప్రస్థానం అంటారు, బదరి దాటిన తరువాత మాణా దగ్గర ఇప్పటికీ ఆ దారిని చూపిస్తారు. కానీ ధర్మశాస్త్రకారులు మహాప్రస్థానాన్ని కలివర్జ్యాల్లో, అంటే ఒకప్పుడు ఉండి ఈ యుగంలో నిషిద్ధమైన ఆచారాల్లో, చేర్చారు. అంటే మంచులోకి నడిచి దేహం వదలాలన్న తలపును శాస్త్రమే మూసివేసింది. చలికి తట్టుకోలేని ముసలివారిని మూసివేత రోజులకు తీసుకువెళ్ళి, స్వామి దయ ఉంటే ఏమీ కాదని చెప్పే కొడుకులు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

మంచి నెల ఏది అన్న ప్రశ్న ఇంత సూటిగా అడగగలగడం కూడా ఈమధ్య వచ్చిన సౌకర్యమే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో పల్లకీ ఎక్కి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు; పదిహేను నెలల పైచిలుకు సాగిన ఆ యాత్రలో ఎండ, వాన, చలి అన్నీ దారిలోనే ఎదురయ్యాయి. బయల్దేరే నెల యాత్రికుడి చేతిలో ఉండేది, చేరే నెల దారి చేతిలో ఉండేది. రైలు వచ్చి చేరే రోజును కూడా యాత్రికుడి చేతికి ఇచ్చింది, ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకునే రిజర్వేషన్ ఒక కొత్త రకం ముహూర్తమైంది, కొండ మీద రద్దీని అదుపుచేయడానికి పెట్టిన నమోదు మరొకటి. తెలుగు కుటుంబాలు వైశాఖ జ్యేష్ఠాల్లోనే ఎక్కువగా బదరికి వెళ్ళడానికి కారణం అక్షయతృతీయ మహిమ కాదు, బడులు తెరిచేలోగా తిరిగిరావాలన్న తొందర. 2023లో కాశీకి గంగా పుష్కరాలకు వెళ్ళినవారి సంగతి దీనికి భిన్నం: బృహస్పతి మేషంలో అడుగుపెట్టిన ఏప్రిల్ 22 నుంచి పన్నెండు రోజులు అన్నది గ్రహం నిర్ణయించిన కాలం, కాశీలో ఎండ మాడ్చే రోజులని తెలిసీ వెళ్ళారు. ఇంత ఎండలో ఎందుకు అని వారిని అడిగితే పుష్కరుడు అప్పుడే వచ్చాడు గనక అనేవారు. అనుపాదేయం అన్న మాట వారు విని ఉండకపోవచ్చు, ఆ మాటకు అర్థం మాత్రం వారి జవాబులో ఉంది.

ఇక వేదాంతులు ఈ చర్చనంతటినీ పైనుంచి చూస్తారు. అంపశయ్య మీద భీష్ముడు ఉత్తరాయణం కోసం కాచుకున్న కథ కాలానికి మోక్షంలో కూడా పాత్ర ఉందనడానికి పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది. కానీ బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయంలో, దక్షిణాయనంలో దేహం వదిలినా ఉపాసకుడికి విద్యాఫలం తప్పదని తేల్చారు. భీష్ముడు ఆగడం ఆచారాన్ని మన్నించడానికీ, తండ్రి వరం వల్ల తనకున్న స్వచ్ఛందమరణ శక్తిని లోకానికి చూపడానికీ అని శంకరులు అక్కడ వివరించారు. జ్ఞానానికి అయనం అడ్డు కాదు, కర్మకు మాత్రం కాలం కావాలి. కాబట్టి బదరీయాత్ర కర్మా, ఉపాసనా అన్నది తేలితే తప్ప మాసం సంగతి తేలదు, అది తేల్చవలసినవాడు వెళ్ళేవాడే. చాలామంది విషయంలో అది రెండూ కలిసినదే అయి ఉంటుంది, అందులో కొంత విహారం కూడా కలుస్తుంది. దానికి సిగ్గుపడవలసిన అవసరమూ లేదు.

కర్మ, ఉపాసన, దేహక్షేమం మూడూ తగవులాడుకోకుండా కలిసే కాలం ఒకటి ఉందంటే అది భాద్రపద బహుళంతో మొదలై ఆశ్వయుజం చివరి వరకు నడిచే నెలన్నర అని చెప్పవచ్చు. తెలుగువారికి అది మహాలయపక్షం, ఆ వెంటనే దేవీనవరాత్రులు. తెలంగాణలో పెత్రమాస అని పెద్దలకు స్వయంపాకం ఇచ్చి, ఆ సాయంత్రమే బతుకమ్మను పేర్చే రోజుతో రెండూ అతుక్కుంటాయి. పితృకర్మకు బ్రహ్మకపాలం అంతటి చోటు లేదని నమ్మేవారికి అంతకంటే తగిన వేళ దొరకదు. అప్పటికి వానలు వెనకబడతాయి, చరియలు విరిగిన దారులను బాగుచేస్తారు, వేసవి రద్దీ ఉండదు, దుమ్మూ పొగా కడిగిపోయిన గాలిలో ఉదయాన నీలకంఠ శిఖరం మీద మొదటి ఎండ ఎర్రగా పడడం గుడి ముందు నుంచే కనిపిస్తుంది. గుడి దగ్గరి వేడినీటి గుండమైన తప్తకుండం ఆవిరి వేసవిలో కంటే అప్పుడే ఒంటికి హితంగా ఉంటుంది. మౌని అమావాస్య వంటి ఒక్క ఘడియ మీద కాకుండా కర్మకు పదిహేను రోజులు పరుచుకుని ఉండడం ఈ పక్షానికి ఉన్న మరో గుణం. మాసం పేరు గురించి పండాతో తగవు మాత్రం అప్పుడు కూడా తప్పదు, ఎందుకంటే మహాలయం బహుళపక్షమే.

అసలు బయల్దేరడమే చలికాలంలో కుదిరినవారి మాట మిగిలింది. బదరి తలుపులు మూసిన తరువాత లక్ష్మీనారాయణులు లోపల ఉండిపోతారు కానీ ఉద్ధవుడూ కుబేరుడూ పాండుకేశ్వరానికి దిగుతారు, శంకరాచార్యుల గద్దె జోషీమఠ్‌లోని నరసింహాలయానికి చేరుతుంది, కేదారేశ్వరుడి ఉత్సవమూర్తి డోలీలో ఊఖీమఠ్‌కు వస్తాడు, ఆ ఆరు నెలలూ పూజలు అక్కడే జరుగుతాయి. పుష్యమాసంలో వెళ్ళిన యాత్రికుడికి పాండుకేశ్వరంలో ఊళ్ళోవాళ్ళు తప్ప పెద్దగా జనం ఉండరు. వరస లేదు, తొందరపెట్టేవాళ్ళు లేరు. అర్చకుడు హారతి పళ్ళెం కాస్త ఎక్కువసేపే నిలిపి, ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతాడు. పైన మంచు కింద ఉన్న గుడిలో దీపం వెలుగుతూనే ఉంటుందని, వైశాఖంలో తలుపు తీసినప్పుడు చూస్తామని చెబుతాడు.